మాట మిగిలి అర్థం పోయినప్పుడు

ఒక పెద్దమనిషికి వైద్యుడు ఒంటె బొమ్మ చూపి దాని పేరేమని అడిగాడనుకొందాము. ఆయన కొంతసేపు చూచి "గుర్రమా?" అన్నాడు. కొన్ని నెలలు గడిచిన తరువాత అదే బొమ్మ చూపితే "ఏదో జంతువు" అన్నాడు. "ఒంటె అంటే ఏమిటండీ?" అని అడిగితే, "ఒంటెనా? ఒంటె అంటే ఏమిటి?" అని తిరిగి వైద్యుణ్ణే అడిగాడు. ఆ మాట పలకడంలో ఆయన నాలుక తడబడలేదు. కాగితంమీద రాసి చూపితే చదివాడు కూడా. నిన్న ఇంటికి ఎవరు వచ్చారో, ఆస్పత్రికి ఏ దారిన వచ్చారో చక్కగా చెప్పగలడు. కాని ఒంటె అనే మాట ఆయనకు ఉత్త చప్పుడుగా మిగిలింది.

ఇది ముదిమి వలన వచ్చే మామూలు మతిమరుపు కాదు. మెదడులో నుదుటి వెనుక ఉండే భాగమూ, కణతల వద్ద ఉండే భాగమూ క్రమంగా కృశించడం వలన కలిగే వ్యాధులను ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా అంటారు. అందులో ఒక రకం మనిషి నడవడిని మార్చివేస్తుంది. మరొకటి మాట కూర్చే శక్తిని తీసివేస్తుంది. మూడవది, పైన చెప్పినది, మాటల అర్థాన్ని తినివేస్తుంది. దీనికి సెమాంటిక్ డిమెన్షియా అని పేరు. ఈ వ్యాధులు తరచుగా 65 ఏండ్లు నిండకముందే పట్టుకొంటాయి. కేంబ్రిడ్జి ప్రాంతంలో రత్నావళి, హాడ్జెస్ మొదలగువారు లెక్క తీసి 2002లో ప్రకటించిన దానినిబట్టి 45–64 ఏండ్లవారిలో లక్షకు 15 మందికి ఈ వ్యాధి ఉన్నది. ఆ వయస్సులో అల్జైమర్ వ్యాధి కూడా అంతే కనిపించింది.

ఈ వ్యాధి చరిత్ర ప్రాగ్ నగరంలో మొదలవుతుంది. 1892లో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు 71 ఏండ్ల రోగి ఒకనిని వర్ణించాడు. బుద్ధి సన్నగిల్లడంతోబాటు అతని భాష ప్రత్యేకంగా చెడిపోయింది. చనిపోయిన తరువాత మెదడును చూస్తే ఎడమ కణత భాగం బాగా కృశించి ఉన్నది. వృద్ధాప్యంలో మెదడు అంతా ఒకే విధంగా క్షీణిస్తుందని తలచిన కాలంలో, ఒక మూలనే పట్టే క్షయం ఉన్నదనీ, దానికి తగినట్టు ఒక శక్తి మాత్రమే పోతుందనీ ఆయన చూపాడు. 1911లో అల్జైమర్ ఇట్టి మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి కణాలలోని మార్పులను వర్ణించాడు. తరువాత చాలాకాలం ఐరోపాలో ఈ సంగతి మరుగున పడింది.

మధ్యలో ఒక ముఖ్యమైన పరిశీలన జపానులో జరిగింది. తెలుగువారు దీనిని ప్రత్యేకంగా గమనించవలె. జపాను భాషకు రెండు రకాల లిపులున్నాయి. కానా లిపిలో ప్రతి అక్షరానికీ నిర్ణీతమైన ధ్వని ఉన్నది. కంజీ అనే చైనా గుర్తులకు అట్లా కాదు. అది ఏ మాటయో తెలిస్తేనే గాని సరిగా చదవలేము. 1943లో ఇమురా అనే వైద్యుడు కొందరు రోగులను వర్ణించాడు. వీరు కానాను బాగా చదువుతారు, కంజీని తప్పు చదువుతారు, మాట అర్థం అడిగితే చెప్పలేరు. ఆయన ఈ స్థితికి "గోగి" నష్టమని పేరు పెట్టాడు. గోగి అంటే జపాను భాషలో పదార్థం, అనగా మాట యొక్క అర్థం.

1972లో ఎండెల్ టుల్వింగ్ జ్ఞాపకాన్ని రెండుగా విభజించాడు. నిన్న పెండ్లిలో ఏమి తిన్నదీ గుర్తుండడం ఒకటి. పెండ్లి అంటే ఏమిటో తెలిసి ఉండడం మరొకటి. మూడేండ్ల తరువాత, 1975లో, లండనులో ఎలిజబెత్ వారింగ్టన్ ముగ్గురు రోగులను పరీక్షించి, మొదటిది చాలావరకు నిలిచి ఉండగా రెండవది పోవచ్చునని నిరూపించింది. బొమ్మలు చూపి, మాటలు వినిపించి, అర్థాన్ని మెట్టు మెట్టుగా అడిగింది. ఇది జంతువా, కాదా? పక్షియా? పెద్దదా, చిన్నదా? ఆ రోగులు పై మెట్టు ప్రశ్నకు జవాబు చెప్పగలిగారు. కిందికి దిగినకొద్దీ తప్పారు. ఒంటె గుర్రమై, గుర్రం జంతువై, జంతువు "అది" అయ్యే క్రమం ఇదే. చెట్టు కొమ్మల చివరనుండి ఎండినట్టు అర్థం కూడా సన్నని భేదాలనుండి ఎండుతూ వస్తుంది.

సెమాంటిక్ డిమెన్షియా అనే పేరు స్నోడెన్ బృందం 1989లో వాడింది. 1992లో హాడ్జెస్, పాటర్సన్ మొదలగువారు దాని లక్షణాలను స్థిరపరచారు. అదే ఏట డేవిడ్ హోవర్డ్, కారలిన్ పాటర్సన్ తయారుచేసిన పరీక్ష ప్రచురితమైంది. పైన పిరమిడ్ బొమ్మ ఉంటుంది. కింద రెండు చెట్లు, ఒకటి తాటిజాతి చెట్టు, రెండవది చలిదేశపు చెట్టు. పిరమిడ్‌తో ఏది కలుస్తుందో వేలు పెట్టి చూపవలె. నోరు విప్పనక్కరలేదు. కనుక రోగికి పేరు మాత్రమే తోచడంలేదా, లేక వస్తువును గురించిన తెలివే పోయిందా అన్నది విడిగా తెలుస్తుంది. ఇటువంటివి 52 ప్రశ్నలు. కండ్లు మూసుకొని వేలు పెట్టినా సగం ఒప్పవుతాయి కనుక 26 మార్కులకు విలువ ఏమీ లేదు.

ఇంతవరకు బాగానే ఉన్నది. ఈ పరీక్షలు హైదరాబాదుకు వచ్చినప్పుడు చిక్కు మొదలైంది.

పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్ మొదలగువారు జ్ఞాపకశక్తి వ్యాధులకు ప్రత్యేక క్లినిక్ నడిపారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం భాషాశాస్త్ర శాఖనుండి దుగ్గిరాల వసంత, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంనుండి సూరంపూడి బాపిరాజు ఈ పనిలో చేరారు. అక్కడికి వచ్చే రోగులలో అక్షరం రానివారు ఉన్నారు, మూడు భాషలు మాట్లాడేవారూ ఉన్నారు. కేంబ్రిడ్జిలోని ఆడెన్‌బ్రూక్ ఆస్పత్రి పేరుతో వెలసిన నూరు మార్కుల పరీక్షలో పేరు చెప్పవలసిన బొమ్మలు 12. వాటిలో కంగారూ, పెంగ్విన్, లంగరు, హార్ప్ అనే వాద్యం ఉన్నాయి. కోనసీమ మనిషికి లంగరు తెలుస్తుంది. పాలమూరు రైతుకు తెలియకపోవచ్చు. హార్ప్ ఇద్దరికీ తెలియదు. ఎన్నడూ తెలియని దానిని మరచిపోయినట్టు లెక్కకట్టి మార్కులు తగ్గిస్తే, ఆరోగ్యవంతుడు రోగి అవుతాడు. ఇది చిన్న పొరపాటు కాదు. ఒక కుటుంబం మీద పడే ముద్ర. పిరమిడ్ ప్రశ్నకూ అదే గతి. కల్లుముంత బొమ్మ పెట్టి, తాడిచెట్టా, మర్రిచెట్టా అని అడిగితే అదే సంగతి ఇక్కడ తేలిపోతుంది.

సరియైన జవాబు ఏది అన్నది కూడా తేలికగా తెమలదు. ఒకే కాయను ఒక జిల్లావారు ఆనపకాయ అంటారు, మరొక జిల్లావారు సొరకాయ అంటారు. బంగాళాదుంప అన్నవానికి మార్కు ఇచ్చి ఆలుగడ్డ అన్నవానికి ఇవ్వకపోవడం న్యాయం కాదు. పరీక్ష రాసేవారికి పేర్ల పట్టిక ఒకటి చాలదు. జవాబుల పట్టిక పెద్దదిగా ఉండవలె.

అన్నిటికన్నా లోతైన చిక్కు లిపిలో ఉన్నది. ఇంగ్లీషులో పింట్ అని కనిపించే మాటను పైంట్ అని చదవవలె. ఆ మాట తెలియనివాడు మింట్, హింట్ వలె పింట్ అనే చదువుతాడు. అర్థం పోయిన రోగి సరిగా ఈ తప్పే చేస్తాడు. 2011లో అంతర్జాతీయ నిపుణులు ఏర్పరచిన లక్షణాలలో ఇట్టి తప్పుడు చదువు కూడా ఒకటి. తెలుగు లిపి జపానువారి కానా వంటిది. అర్థం తెలిసినా తెలియకపోయినా అక్షరం పలుకుతుంది. మన పిల్లలు అర్థం కాని సంస్కృత శ్లోకాన్ని గడగడ చదవడం ఉపాధ్యాయులు ఎరిగినదే. అందువలన తెలుగు రోగి పత్రిక చదువుతూ ఉన్నంతకాలం ఇంటివారు ఏమీ అనుమానించరు. అర్థం నిలిచి ఉన్నదో లేదో మాట మాటకూ విడిగా అడిగి తెలుసుకోవలసిందే. స, ష, శ లు తారుమారు చేయడం ఒక ఆనవాలు కావచ్చు గాని, దానిని నమ్ముకొంటే తరగతిలో సగంమంది రోగులుగా తేలుతారు!

ఆడెన్‌బ్రూక్ పరీక్ష మూడవ కూర్పును తెలుగు, ఉర్దూలతో సహా ఏడు భాషలలో సిద్ధంచేసి, రోగులమీద, ఆరోగ్యవంతులమీద సరిచూచిన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. భారత వైద్య పరిశోధన మండలి కూడా తెలుగుతో సహా ఐదు భాషలలో ఇట్టి పరీక్షల సంపుటిని తయారుచేయించింది.

హైదరాబాదు క్లినిక్ పేరు లోకానికి తెలిసింది మరొక కారణంచేత. 648 మంది రోగుల రికార్డులు పరిశీలించి, రెండు భాషలు తెలిసినవారికి డిమెన్షియా సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో ప్రకటించారు. చదువురానివారిలో సైతం ఈ భేదం ఉన్నది. అయితే 2017లో ఫ్రాంటోటెంపొరల్ రోగులను 193 మందిని విడిగా చూచినప్పుడు, నడవడి మారే రకంలో మాత్రమే ఆ ఆలస్యం స్పష్టంగా కనిపించింది. భాషను పట్టే రకాలలో కనిపించలేదు. రెండు భాషలు వచ్చినా అర్థం దాచుకొనే చోటు ఒకటే అయితే, ఆ చోటు కృశించినప్పుడు రెండవ భాష ఆదుకోలేకపోవడం వింత కాదు. ఇది ఊహ మాత్రమే. ఇంకా తేలవలసి ఉన్నది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరచినప్పుడు ముప్పైలోపు వయస్సున ఉద్యోగాలలో చేరినవారు ఇప్పుడు యాభై దాటుతున్నారు. సరిగా ఈ వ్యాధి వచ్చే వయస్సు. పగలంతా ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ లేక ఉర్దూ వారికి అలవాటు. ఇట్టివారు ఒకరు క్లినిక్‌కు వస్తే ఒకే భాషలో అడగడం చాలదు. తెలుగులో తడుముకోకుండా చదివినవారు ఇంగ్లీషులో పైంట్‌ను పింట్ అనవచ్చు. సర్వర్ అంటే ఏమిటో గంటసేపు చెప్పగలిగినవారు రోకలి బొమ్మ చూచి కర్ర అనవచ్చు. అప్పుడు వైద్యుడు మొదట అడగవలసింది రోగిని కాదు, పక్కన కూర్చున్న భార్యను: "అమ్మా, వీరికి రోకలి అంటే ఏమిటో ఇదివరకు తెలుసునా?"