ఖర్మ కాదు, హక్కు

మున్సిపాలిటీ చెత్త బండి ఎక్కే మన అన్నలు దెబ్బ తగిలితే 'మా ఖర్మ' అనుకుని గూడేనికి తిరిగొచ్చేస్తున్నారు. అది ఖర్మ కాదు. ఈ హక్కుకి వందేళ్ల చరిత్ర ఉంది.

1923లోనే, బ్రిటిష్ పాలనలో, కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. పనిలో ప్రమాదం జరిగితే యజమాని తప్పు నిరూపించకుండానే పరిహారం అడగొచ్చు. 1948 ఈఎస్ఐ చట్టం శాశ్వత వైకల్యానికి, తగ్గిన సంపాదన శక్తిని బట్టి పెన్షన్‌లా డబ్బు ఇమ్మంది. పర్మినెంట్ ఉద్యోగి పనికి పనికిరాడని డాక్టర్లు తేలిస్తే పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపేవారు. 1995 వికలాంగుల చట్టం 47వ సెక్షన్ దాన్ని మార్చింది: తీసెయ్యకూడదు, అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. 2016 చట్టం 20వ సెక్షన్ ఆ రక్షణను నిలబెట్టింది. మురుగు కాలువ పనిలో శాశ్వత వైకల్యం వచ్చి బతుకుదెరువు పోతే 20 లక్షలకు తగ్గకూడదని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20న చెప్పింది.

కానీ ఔట్‌సోర్సింగ్ అన్న పేరు రిజిస్టర్‌లో లేకపోతే వీటిలో దేన్ని అడగాలన్నా కష్టమే. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఈఎస్ఐ నంబరు, జీతం చీటీ, దెబ్బ తగిలిన రోజు ఆస్పత్రి చీటీ అడిగి చూద్దాం, దాచిపెడదాం. మన చదువు ముందు ఆ ఇంటికి పనికిరావాలి.