నీలగిరి వెన్న నుంచి పది నిమిషాల సంచి దాకా

ఈసారి మన ఊరి సరుకుల అంగళ్ల చరిత్ర రాస్తున్నాము.

మాలో చాలామందిమి బడిలో అరవం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, వీధిలో కన్నడం నేర్చినవాళ్లం. సరుకుల అంగడిని అరవంలో మళిగై కడై అంటారు. కన్నడంలో మళిగె అంటే అంగడి. తెలుగు నిఘంటువు తీస్తే మడిగె అని కనిపిస్తుంది. మూడు భాషలవాళ్లూ సంచి పట్టుకొని నిలబడింది ఒకే గడప ముందు.

బెంగళూరు పేటలో వీధుల పేర్లు చదివితే సరుకుల చీటీ చదివినట్టే. అక్కిపేటలో బియ్యం, తరగుపేటలో ధాన్యం. అక్కడ వ్యాపారం చేసినవాళ్లలో తెలుగు మాట్లాడే కోమటి శెట్లు, బలిజలు ఎందరో. 1864లో జోలార్‌పేట నుంచి కంటోన్మెంటుకు రైలు వచ్చింది. పన్నెండేళ్లకు 1876–78 కరువు వచ్చింది. మద్రాసు వైపు నుంచి ధాన్యం రైల్లో బెంగళూరుకు చేరింది. అక్కడి నుంచి లోపలి ఊళ్లకు ఎడ్లబండ్లే గతి. మేత లేక ఎడ్లు చచ్చాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య మైసూరు సంస్థానంలో 8 లక్షలకు పైగా మనుషులు తగ్గిపోయారు. ఊళ్లో ధాన్యం ఉండడం వేరు, అది మన పొయ్యి మీదికి రావడం వేరు అని ఆ కరువు చెప్పింది.

పొయ్యి మీదికి రావాలంటే మూడు దాటాలి: దూరం, ధర, చేతిలో డబ్బు లేని రోజు. మూడోదాన్ని దాటించింది వీధి శెట్టి అంగడి. నెల జీతగాళ్లకు పుస్తకంలో రాసుకొని సరుకు ఇచ్చేవారు. ఆ నమ్మకానికి వెల లేకపోలేదు. ధరలోనే వడ్డీ కలిసేది, కొన్నిచోట్ల తూకం తగ్గేది. రోజు కూలికి ఆ పుస్తకంలో చోటు దొరకడం కష్టం.

అందుకే వేరే దారులు వెతికారు. 1904లో మద్రాసు తిరువల్లిక్కేణిలో సహకార భండారం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ధరలు మండినప్పుడు రైల్వేలు తమ సిబ్బందికి గ్రెయిన్‌షాపులు తెరిచి, తక్కువ ధరకు బియ్యం, పప్పు ఇచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక వాటిని క్రమంగా మూసేశారు. 1959లో డాక్టర్ మరిగౌడ ప్రోత్సాహంతో ద్రాక్ష రైతుల సంఘంగా మొదలైనదే నేటి హాప్‌కామ్స్. కెంపేగౌడ రోడ్డులో జనతా బజార్ వచ్చింది. లాభం కంటే సరైన తూకం, నిలకడైన ధర ముఖ్యమని ఇవన్నీ పుట్టాయి.

ఇంకో దారి కొండ మీది నుంచి వచ్చింది. వేసవికి నీలగిరికి చేరే దొరలను నమ్ముకొని 1905లో ముదలియార్ కుటుంబం వెన్న వ్యాపారం పెట్టింది. 1936లో అది బ్రిగేడ్ రోడ్డుకు దిగింది. 1970ల్లో అక్కడ జనం తామే బుట్ట పట్టుకొని అరల్లోంచి సరుకు తీసుకోవడం నేర్చారు. 1996లో మద్రాసులో మొదలైన ఫుడ్‌వరల్డ్ త్వరలోనే ఇక్కడికీ వచ్చింది. 2003లో జర్మనీ కంపెనీ మెట్రో, భారతదేశంలో తన తొలి టోకు అంగడిని యశవంతపురంలో తెరిచింది. 2011లో బిగ్‌బాస్కెట్ ఇక్కడే పుట్టింది. ఇప్పుడు పది నిమిషాల్లో సంచి గుమ్మం దగ్గరికి వస్తోంది.

పోటీ వల్ల మేలు జరగలేదని మేము అనము. కల్తీ లేని పప్పు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు గుమ్మం దగ్గరికే సరుకు, ఇవన్నీ పోటీ ఇచ్చినవే. ధర దిగింది, దూరం తగ్గింది. మూడో గడప మాత్రం అలాగే ఉంది. ఫోను వాడడం రాని పెద్దలకు, నెలాఖరున చేయి ఖాళీ అయిన ఇంటి పనివాళ్లకు ఆ పది నిమిషాలు ఎప్పటికీ పూర్తికావు. 2013లో అన్నభాగ్య పథకంలో కిలో రూపాయికి బియ్యం ఇచ్చారు. అది పేద ఇంటికి పెద్ద ఆసరా. కానీ బియ్యం ఒక్కటే ఉంటే వంట కాదు. ఉప్పు, చింతపండు, నూనె కావాలి, అవీ పది రూపాయల కొలతలో కావాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టడానికే రోజుల తరబడి వీలు దొరకలేదు. సగం తలుపు తీసి సరుకు ఇచ్చింది వీధి అంగళ్లే. ఇప్పుడు మన చుట్టుపక్కల అవే ఒక్కొక్కటిగా షట్టరు దించుతున్నాయి. హాప్‌కామ్స్ గూళ్లు కూడా కొన్ని మూతపడ్డాయి.

అందుకే మా మనవి. నెల సరుకులు ఎక్కడ తెచ్చుకున్నా సరే, వారానికి ఒకసారి ఉప్పో, పప్పో, బెల్లమో వీధి చివర అంగడిలో కొనండి. కూరగాయలకు హాప్‌కామ్స్ దాకా నడవండి. మనకు అది వంద రూపాయల మాటే. ఆ అంగడి తెరిచి ఉంటే, మన ఇంట్లో పాత్రలు తోమే అమ్మకు నెలాఖరున పుస్తకంలో ఒక వరుస దొరుకుతుంది.