పైనుంచి కిందికి లెక్కపెట్టే అంకె

బాన్సువాడలో ఏప్రిల్ నెలాఖరంటే యాసంగి వడ్లు కల్లాల్లో ఆరే కాలం. మధ్యాహ్నం ఎండ నలభై రెండు దాటినా అక్కడ అది వార్త కాదు. ఆ వేళ హాల్లో టీవీ కింది అరలో, సినిమాలు చూడటానికే కేటాయించి, చప్పుడు రాకూడదని ఫ్యాన్ వేగం తగ్గించి పెట్టిన చిన్న కంప్యూటర్ తెర మూలన 74 డిగ్రీలని చూపిస్తుంది. చూసినవాళ్లకు మొదట తట్టేది జ్వరమే. మనకు డిగ్రీ అంటే థర్మామీటరు, థర్మామీటరంటే ఒళ్లు. కానీ ఈ 74 పుట్టుకే వేరు. అది ఎందుకు పుట్టిందో, ఎక్కడినుంచి లెక్కపెడుతూ వచ్చిందో తెలిస్తే దాన్ని చదివే తీరు కూడా మారుతుంది.

మొదట్లో ప్రాసెసర్ వేడిని కొలిచే ఏర్పాటే లేదు. 486 ప్రాసెసర్ల కాలానికి చిప్ నెత్తిన హీట్‌సింక్ అనే అల్యూమినియం రెక్కలు, వాటి మీద బుల్లి ఫ్యాన్ వచ్చాయి. 1990ల నడుమ మదర్‌బోర్డు తయారీదారులు ప్రాసెసర్ సాకెట్ దగ్గర థర్మిస్టర్ అనే చిన్న వేడి సెన్సర్ అమర్చి, ప్రత్యేక చిప్‌లతో వేడి లెక్కలు చదివించడం మొదలుపెట్టారు. థర్మిస్టర్‌కు అందింది ప్రాసెసర్ అడుగున నిలిచిపోయిన గాలి వేడి మాత్రమే. అన్నం ఉడికిందో లేదో పొయ్యిగట్టును తాకి చెప్పినట్టుండేది ఆ లెక్క. ఆ దశాబ్దం చివర, పెంటియం-2, పెంటియం-3 రోజుల్లో కొలిచే సాధనం చిప్ లోపలికే చేరింది. సిలికాన్ డయోడ్ గుండా స్థిరమైన కరెంటు పంపితే, ఒక్కో డిగ్రీ వేడి పెరిగేకొద్దీ దాని కొసల మధ్య వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. అంటే చిప్‌ను ఏ పదార్థంతో చేశారో అదే పదార్థం థర్మామీటరు పని చేసిపెడుతుంది. చిక్కల్లా ఆ వోల్టేజిని చదివేది మదర్‌బోర్డు కావడం. బోర్డు మారితే అంకె మారేది.

ఇంత శ్రమ దేనికోసమో 2001లో అందరికీ అర్థమైంది. టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న ప్రాసెసర్ల మీదినుంచి హీట్‌సింక్ ఊడదీసి వీడియో తీశారు. ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి చచ్చింది. ఇంటెల్ పెంటియం-4 నత్తనడకకు దిగి బతికిపోయింది. లోపలి సెన్సర్‌కు అప్పగించిన ఉద్యోగం కావలి కాయడం, ప్రమాదం ముంచుకొస్తే వేగం తగ్గించడం, అప్పటికీ ఆగకపోతే మొత్తం ఆపేయడం. ఇంటివాళ్లకు ఉష్ణోగ్రత చదివి వినిపించడం దాని మీద తర్వాత పడిన పని.

2006లో కోర్ డ్యుయోతో ఇంటెల్ డిజిటల్ సెన్సర్ తెచ్చింది. ఈ కథలో అసలు మలుపు అదే. ఈ సెన్సర్ ఉష్ణోగ్రత చెప్పదు, గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరముందో చెబుతుంది. అది 26 అంటుంది. తెర మీది ప్రోగ్రామ్ పరిమితి 100 అనుకుని, తీసివేసి, 74 అని చూపిస్తుంది. వింతగా అనిపించినా ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1742లో ఆండర్స్ సెల్సియస్ తన కొలమానంలో నీరు మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట 100 పెట్టాడు. ఇప్పుడు మనం వాడేది ఆ తర్వాత తిరగేసిన లెక్క. అంత దూరం పోనక్కర్లేదు కూడా. మంజీర మీద 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్ ఆయకట్టులోనే ఉంది బాన్సువాడ. పూర్తిస్థాయి నీటిమట్టం 1405 అడుగులు, ప్రస్తుతం 1398 అని పేపర్లో పడితే అక్కడి రైతు చూసేది ఆ ఏడడుగుల తేడానే. 1398 ఎక్కడినుంచి మొదలైందో అతనికి అక్కర్లేదు. ప్రాసెసర్ అంకెనూ సరిగ్గా అలాగే చదవాలి.

పైఅంచు తెలియకపోతే తీసివేత తప్పుతుందన్నది నిజమే, కొన్నాళ్లు జరిగిందీ అదే. తొలి కోర్-2 చిప్‌ల పరిమితిని ఒక ప్రోగ్రామ్ 85 అనుకుంటే ఇంకొకటి 100 అనుకునేది. ఒకే చిప్, ఒకే క్షణం, పదిహేను డిగ్రీల తేడా! 2008లో ఇంటెల్ కొన్ని చిప్‌ల విలువలు బయటపెట్టాకే ఆ గొడవ కాస్త సద్దుమణిగింది. ఏఎండీ 2017లో ఇంకో అడుగు ముందుకేసింది. రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్‌లు చెప్పే అంకెకు కావాలనే 20 డిగ్రీలు కలిపింది, రకరకాల చిప్‌లకు ఫ్యాన్ ఒకే తీరున స్పందించడానికట. ఇక అంకె ముఖవిలువను నమ్మేదెలా?

నిశ్శబ్దంగా ఉండాల్సిన పెట్టెకు ఈ చరిత్రంతా ఎందుకంటే, దాని అంకె ఎక్కువగా కనిపించడం దాని స్వభావం. ఉదాహరణకు 10 వాట్ల చిప్, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్‌తో ఒక్కో వాటుకు 3 డిగ్రీలు పెంచే హీట్‌సింక్ అనుకుందాం. చుట్టూ ఉన్న గాలి కంటే చిప్ 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. గదిలో 40, తలుపు మూసిన అరలో 44 ఉంటే చిప్ 74. ఇదే పెట్టె 22 డిగ్రీల చలిదేశపు గదిలో, గాలాడే బల్ల మీద 52 చూపిస్తుంది. అక్కడివాళ్ల 52 చూసి ఇక్కడి 74కు బెంగపడితే, తప్పు ఎండది, నింద యంత్రానిది.

పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని పాతమాట ఒకటుంది, దాని సంగతేమిటని అడగవచ్చు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విషయంలో ఆ లెక్క దాదాపు నిజం. హార్డ్‌డిస్కులకు సాధారణంగా 60 డిగ్రీలు హద్దు. మూసిన అరలో ముందు దెబ్బతినేవి అవే, వాటి కష్టం ప్రాసెసర్ అంకెలో కనిపించదు. చిప్ 74 దగ్గర నిబ్బరంగా ఉంటే పక్కనున్న డిస్కు 58లో ఉడుకుతుండవచ్చు. భయమేదైనా ఉంటే దాన్ని అటు మళ్లించడం మేలు. ఇంకో ఆక్షేపణ చమత్కారమైనది: ఏప్రిల్‌లో కూలర్ హోరుమంటుంటే ఈ పెట్టె నిశ్శబ్దం ఎవరికి కావాలి? న్యాయమైన ప్రశ్నే. వేసవిలో ఫ్యాన్ వేగం పెంచితే ఆ చప్పుడు కూలర్ మోతలో కలిసిపోతుంది. నిశ్శబ్దం విలువ తెలిసేది డిసెంబరు రాత్రుల్లో, అప్పుడు ఫ్యాన్ అవసరమూ తక్కువే.

పరిమితికి దూరంగా ఉన్నప్పుడు సెన్సర్ అంత కచ్చితంగా ఉండదు, అలాంటప్పుడు చూడటమెందుకన్న మాటకూ జవాబుంది. కావలివాడు గడప దగ్గర చురుగ్గా ఉంటే చాలు. పైగా అదే పెట్టెను దానితోనే పోల్చితే సెన్సర్ పొరపాటు రెండుసార్లూ దాదాపు ఒకటే కాబట్టి చాలావరకు కొట్టుకుపోతుంది. అదే సినిమా, అదే అర, అదే ఫ్యాన్ వేగం. వానాకాలంలో గది 28కి దిగితే 74 చూపిన చోట 62 దరిదాపుల్లో కనిపించాలి. అప్పటికీ 74 దగ్గరే ఉంటే కల్లాల దుమ్ము రెక్కల మధ్య పేరుకుని ఉంటుంది, లేదా చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసిన పేస్టు ఎండిపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ తీయాల్సింది ఆ రోజున.