పెండ్లికుమారుడు చెల్లించిన ఓలి

అనంతగిరి, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల చర్చిలో పెండ్లి జరిగితే పాస్టరు గారి ప్రసంగం ఒక పెండ్లితో ఆగదు. ఎదుట నిలబడ్డ జంట గురించి నాలుగు మాటలు చెప్పి, క్రీస్తుకూ సంఘానికీ జరగబోయే పెండ్లి దగ్గరికి వెళ్తారు. కానా ఊరి విందు, పదిమంది కన్యకల ఉపమానం, ఎఫెసీయులకు రాసిన లేఖ అయిదో అధ్యాయం, ప్రకటన గ్రంథంలోని గొర్రెపిల్ల వివాహోత్సవం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వినేవాళ్లకు ఇవన్నీ సండే స్కూలు నాటి నుంచి తెలిసినవే. అయితే క్రీస్తును వరుడిగా, సంఘాన్ని వధువుగా చూసే ఈ భావన వెనక రెండు వేల ఏళ్ల కిందట గలిలయ, యూదయ పల్లెల్లో యూదులు పెండ్లి చేసుకున్న తీరు ఉంది. ఆ తీరు తెలిస్తే ఈ పెండ్లిలో ఎవరు ఎవరికి ఏమి ఇచ్చారో తెలుస్తుంది. మన తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఇవాళ పట్టించుకోవలసింది ఆ ఇచ్చిపుచ్చుకోవడాల సంగతే.

ప్రవక్తలు వేసిన పునాది

దేవుణ్ని భర్తగా, ప్రజలను భార్యగా చెప్పడం యేసు కాలానికే చాలా పాతది. క్రీస్తు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో హోషేయ ప్రవక్త తన కాపురంలోని బాధనే దేవుడికీ ఇశ్రాయేలుకూ మధ్య బాధగా చెప్పాడు. ఎడారిలో నడిచిన రోజులను యిర్మీయా కొత్త పెండ్లికూతురి ప్రేమగా గుర్తుచేశాడు. వరుడు వధువును చూసి సంతోషించినట్టు దేవుడు యెరూషలేమును చూసి సంతోషిస్తాడని యెషయా గ్రంథం చెప్పింది. కాబట్టి పెండ్లికుమారుడు తోడుండగా స్నేహితులు ఉపవాసం ఎలా ఉంటారని యేసు అడిగినప్పుడు విన్నవాళ్లు అది మామూలు సామెత అనుకొని ఉండరు. ప్రవక్తలు దేవుడికి ఇచ్చిన చోటులో ఆయన తనను నిలబెట్టుకున్నాడు.

రెండు అంచెల పెండ్లి

ఆనాటి యూదుల పెండ్లి రెండు అంచెల్లో జరిగేది. మొదటిది ఎరూసిన్, దానికే కిద్దూషిన్ అని కూడా పేరు. మన ప్రధానం లాంటిదే గానీ దానికన్నా చాలా గట్టిది. అది జరిగిందంటే చట్టం దృష్టిలో ఆమె భార్యే. విడిపోవాలంటే విడాకుల పత్రం రాయాలి. మరియ గర్భవతి అని తెలిసి యోసేపు రహస్యంగా విడనాడాలనుకోవడం ఈ నియమం తెలిస్తేనే అర్థమవుతుంది. ఇంకా కాపురం మొదలుకాలేదు, బంధం మాత్రం పడిపోయింది.

రెండో అంచె నిస్సూయిన్. అప్పుడు వధువు వరుడి ఇంటికి వస్తుంది. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన మిష్నా ధర్మశాస్త్రం ప్రకారం, వరుడు పెండ్లికి సిద్ధం కమ్మని అడిగాక కన్యకు 12 నెలలు, విధవరాలికి 30 రోజులు గడువు ఇవ్వాలి. గడువు దాటినా పెండ్లి జరగకపోతే ఆమె తిండి ఖర్చు వరుడే భరించాలి.

కాపురానికి తీసుకువచ్చే ఊరేగింపు రాత్రిపూట దివిటీలతో సాగేది. వరుడు స్నేహితులతో, వాద్యాలతో ఎదురు వెళ్లడం మక్కబీయుల మొదటి గ్రంథంలో కనిపిస్తుంది. మన పల్లెల్లో ఎదుర్కోళ్లు చూసినవాళ్లకు పదిమంది కన్యకలు దీపాలు పట్టుకుని ఎందుకు బయలుదేరారో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. వధువును పల్లకిలో తీసుకువెళ్లడమూ ఉండేది. రోమన్లతో జరిగిన యుద్ధాల దుఃఖంలో వరుడి కిరీటాన్ని, వధువు పల్లకిని వద్దన్నారని, పల్లకిని మాత్రం తర్వాత మళ్లీ ఒప్పుకున్నారని మిష్నా చెబుతుంది. విందు ఏడు రోజులు సాగేది. యాకోబు, సంసోను కథల్లోనూ ఆ ఏడు రోజుల లెక్క ఉంది. కానాలో ద్రాక్షరసం అయిపోవడం ఆ ఇంటికి ఎంత తలవంపో అర్థం కావాలంటే ఇన్ని రోజుల విందును తలచుకోవాలి.

వరుడి చేతి సొమ్ము

ఈ పెండ్లికి నడుమ వరుడి వైపు నుంచి వచ్చే సొమ్ము ఉంది. దాని పేరు మోహర్, మన పాత మాటలో ఓలి. నైలు నదిలోని ఎలిఫెంటైన్ ద్వీపంలో దొరికిన క్రీ.పూ. అయిదో శతాబ్దపు అరామిక్ పత్రాల్లో ఒక వరుడు పిల్ల తండ్రికి మోహర్‌గా అయిదు షెకెళ్ల వెండి ఇచ్చినట్టు రాసి ఉంది.

తండ్రి చేతికి పోయే సొమ్ము పిల్ల అమ్మకంగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. గురజాడ 'కన్యాశుల్కం' నాటకం చూపింది ఆ దురాచారాన్నే. యూదు పెద్దలు దీనికి మరో దారి వెతికారు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో షిమోన్ బెన్ షెతాహ్ అనే పండితుడు చేసిన ఏర్పాటును, మిష్నా మీద తర్వాతి పండితుల చర్చలను కూర్చిన తల్మూద్ చెబుతుంది. దాని ప్రకారం ఆ సొమ్ము ముందుగా చెల్లించి చేతులు దులుపుకోవడం కాదు. భర్త ఆస్తి అంతా భార్యకు రావలసిన మొత్తానికి హామీగా ఉంటుంది. ఈ మాటను రాసిన పత్రమే కెతూబా. విడాకులిచ్చినా, భర్త చనిపోయినా కన్యగా పెండ్లాడిన స్త్రీకి 200 జూజ్‌లు (ఆనాటి వెండి నాణేలు), విధవరాలిగా పెండ్లాడిన స్త్రీకి 100 జూజ్‌లు తగ్గకుండా రావాలి.

పుట్టింటివాళ్లు అమ్మాయికి పెట్టి పంపడం యూదుల్లోనూ ఉంది. దాన్ని నెదూన్యా అంటారు. అది కూడా కెతూబాలో భర్త మీద బాకీగానే ఎక్కేది. ఈ నియమం కాగితానికే పరిమితం కాలేదు. 1961లో మృతసముద్రం దగ్గరి గుహలో పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదిన్ బృందానికి బబథా అనే రెండో శతాబ్దపు యూదు స్త్రీ పత్రాల సంచి దొరికింది. భర్త పోయాక తనకు రావలసిన సొమ్ము కింద అతని ఖర్జూర తోటలను ఆమె స్వాధీనం చేసుకున్నట్టు అందులో ఉంది.

అపొస్తలులు చూసిన పోలిక

ఇప్పుడు కొత్త నిబంధన తెరిస్తే ప్రతి మాట వెనక ఈ ఆచారం నిలబడి కనిపిస్తుంది. కొరింథు సంఘాన్ని తాను క్రీస్తుకు ప్రధానం చేశానని పౌలు అన్నాడు. అంటే సంఘం ఇప్పుడు రెండు అంచెల నడుమ ఉంది. బంధం పడింది, వరుడు రావలసి ఉంది. మెలకువగా ఉండమని కన్యకల ఉపమానం చెప్పేది ఈ నడిమి కాలంలో ఉన్నవాళ్లకే. బాప్తిస్మమిచ్చే యోహాను తనను పెండ్లికుమారుడి స్నేహితుడిగా చెప్పుకున్నాడు. అది మన తోడు పెండ్లికొడుకు పాత్ర. మిమ్మల్ని విలువ పెట్టి కొన్నారని పౌలు, ఆ విలువ వెండి బంగారాలు కాదు, రక్తమని పేతురు రాశారు. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నాడని, భర్తలు భార్యలను అలా ప్రేమించాలని ఎఫెసీయుల లేఖ చెబుతుంది. అక్కడ ఇచ్చేవాడు వరుడే.

తర్వాతి శతాబ్దాల్లో ఈ ఊహ మరింత విస్తరించింది. మూడో శతాబ్దంలో ఒరిజెన్ అనే క్రైస్తవ పండితుడు పరమగీతాన్ని క్రీస్తు, సంఘాల ప్రేమగా వ్యాఖ్యానించాడు. పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్సులో బెర్నార్డ్ అనే సన్యాసి దాని మీదే 86 ప్రసంగాలు రాశాడు.

ఇటీవలి ప్రసంగాల్లో వినిపించే కొన్ని వివరాలను మాత్రం విడిగా చూడాలి. నాలుగు కర్రల పందిరి, ఉంగరం, గాజు గ్లాసు పగలగొట్టడం ఇవాళ్టి యూదు పెండ్లిలో ఉన్నాయి. ఉంగరం తల్మూద్ కాలం తర్వాత వచ్చింది. నాలుగు కర్రల పందిరి మధ్యయుగాల చివర్లో స్థిరపడింది. గ్లాసు పగలగొట్టడానికి మూలం తల్మూద్‌లోని ఒక కథ. అందులో ఒక రబ్బీ తన కొడుకు పెండ్లిలో సంబరం హద్దు మీరుతోందని ఖరీదైన పాత్రను పగలగొట్టాడు. వరుడు పోసిన ద్రాక్షరసం తాగితే అమ్మాయి ఒప్పుకున్నట్టని, గది కట్టడం పూర్తయిందని తండ్రి చెప్పాకే వరుడు కదిలేవాడని చెప్పే కథనానికి మిష్నాలో నియమం ఏదీ లేదు. యేసు మాటలకు ఇలాంటి అలంకారాలు అక్కర్లేదు. గట్టి ఆధారమున్న ఆచారాలే చాలు.

తెలుగు నేల మీదికి

1818లో కొత్త నిబంధన, 1854లో పూర్తి బైబిలు తెలుగులో అచ్చయ్యాయి. నిజాం ఏలుబడిలోని నల్లగొండ ప్రాంతానికి ఈ గ్రంథాన్ని తెచ్చినవారిలో రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ బ్రదరన్ మిషనరీలు ముఖ్యులు. ఏబ్రహాం ఫ్రీజెన్ 1889లో భారతదేశానికి వచ్చి, అమెరికన్ బాప్టిస్టుల అండతో నల్లగొండ కేంద్రాన్ని నిలబెట్టాడు. తర్వాత సూర్యాపేట కూడా వాళ్ల కేంద్రమైంది. ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కష్టజీవులు.

పెండ్లిలో వాళ్లు ఉన్నదంతా వదిలేయలేదు. ప్రధానం మిగిలింది, ఎదుర్కోళ్లు మిగిలాయి, చాలా సంఘాల్లో మంగళసూత్రం సిలువ గుర్తుతో మిగిలింది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రిజిస్టరులో సంతకాలు చేరాయి. నగలు ముట్టని సంఘాలు తాళినీ ఉంగరాన్నీ వదిలి వాగ్దానాలతోనే పెండ్లి చేస్తున్నాయి.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ క్రైస్తవ కుటుంబాలు 1980ల చివర్లో ఇంకో అడుగు వేశాయి. తాము ఇశ్రాయేలులోని ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని ప్రకటించి యూదు ధర్మాన్ని ఆచరిస్తున్నాయి. బెనె ఎఫ్రాయిమ్ అనే ఈ తెలుగు యూదుల మీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఒక పుస్తకమే రాశారు. బైబిలులోని ఇశ్రాయేలు తెలుగు పల్లెకు ఎంత దగ్గరగా అనిపించిందో చెప్పడానికి ఈ ఊరే సాక్ష్యం.

తలకిందులైన లెక్క

మన నేలలో ఎన్నో కులాల్లో ఓలి వరుడే ఇచ్చేవాడు. రెండు మూడు తరాల్లో అది కట్నంగా తిరగబడింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా ప్రధానం నాడు ఇరువైపుల పెద్దలు కూర్చుని నగదు, బంగారం, బండి లెక్క తేల్చుకోవడం ఆగలేదు. క్రైస్తవ ఇళ్లు ఇందుకు మినహాయింపు కాదు. మర్నాడు అదే ఇంటి పెండ్లిలో, వెల చెల్లించి వధువును సంపాదించుకున్న క్రీస్తు గురించి ప్రసంగం వింటాం. అప్పు చేసి కూర్చున్న పెండ్లికూతురి తండ్రికి ఆ ప్రసంగం ఎలా వినిపిస్తుంది?

ఈ పోలికను నమ్మేవాళ్లు దాన్ని వేదిక మీద మాటగా వదిలేయకూడదు. కట్నం మాట్లాడుకున్న పెండ్లిని చర్చిలో జరిపించబోమని సంఘాలు ముందే చెప్పాలి. ప్రధానం నాడు రాసే కాగితంలో అమ్మాయి తెచ్చేదానికి బదులు, ఆమె పేరున వరుడు ఏమి పెడతాడో రాయించాలి. అది కొద్దిపాటి భూమి కావచ్చు, ఇంటి స్థలం కావచ్చు, బ్యాంకు డిపాజిట్ కావచ్చు. పాస్టరు, ఇరువైపుల పెద్దలు సాక్షి సంతకాలు పెట్టాలి. రెండు వేల ఏళ్ల కిందటి యూదు పెద్దలు తమ ఆడపిల్లల కోసం చేసిన పని ఇదే. క్రీస్తును పెండ్లికుమారుడని పిలిచే సంఘం తన ఆడపిల్లలకు కనీసం అంతమాత్రం చేయాలి.