వైఫల్య నమోదు: విశ్వసనీయతా వృద్ధి పరీక్షల చరిత్ర

కొత్త యంత్రాన్ని దశలవారీగా పరీక్షిస్తూ, ప్రతి లోపం ఎప్పుడు బయటపడింది, ఎందుకు వచ్చింది, దాన్ని ఎలా సరిచేశారు అన్నది వరుసగా రాసిపెట్టే పద్ధతిని వైఫల్య నమోదు అంటారు. లోపాలను దిద్దుకుంటూ పోయేకొద్దీ యంత్రం ఎంత నమ్మదగినదిగా మారుతోందో ఈ రాతల నుంచే లెక్కగడతారు. ఆ మెరుగుదలకే విశ్వసనీయతా వృద్ధి అని పేరు. దీనికి గణిత రూపం 1960లలో అమెరికాలో ఏర్పడింది. తెలుగు నేలపై ఈ క్రమశిక్షణకు పెద్ద ఉదాహరణ శ్రీహరికోట రాకెట్ ప్రయోగాలు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మైపాడు తీరం నుంచి దక్షిణంగా 85-90 కిలోమీటర్ల దూరంలో, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న దీవి శ్రీహరికోట.

గణిత పునాది

జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన జేమ్స్ డ్యుయేన్ విమాన జనరేటర్లు, జెట్ ఇంజిన్ వంటి పరికరాల పరీక్షల లెక్కలు పరిశీలించి, 1964లో ఒక వ్యాసం ప్రచురించాడు. మొత్తం వైఫల్యాలను మొత్తం పరీక్షా కాలంతో భాగించి లాగరిథమ్ కాగితంపై గుర్తిస్తే, బిందువులు దాదాపు సరళరేఖలో పడుతున్నాయని అందులో చూపాడు. 1974లో అమెరికా సైన్యపు విశ్లేషణ సంస్థకు చెందిన లారీ క్రో ఈ పరిశీలనకు సంభావ్యతా సిద్ధాంతం ఆధారంగా నమూనా తయారుచేశాడు. 1981లో అమెరికా రక్షణ శాఖ ఈ పద్ధతులను 189వ నంబరు మార్గదర్శినిగా వెలువరించింది.

ఒక ఊహా లెక్కతో దీన్ని అర్థం చేసుకోవచ్చు. ఓ పంపును నడిపిస్తే 100 గంటలకు 10, 400 గంటలకు 20, 900 గంటలకు 30 వైఫల్యాలు వచ్చాయనుకుందాం. మొదట సగటున 10 గంటలకొకటి వచ్చిన లోపం, మొత్తం కాలం మీద చూస్తే 30 గంటలకొకటిగా తగ్గింది. 900వ గంట దగ్గరి పరిస్థితిని మాత్రమే తీసుకుంటే, నమూనా ప్రకారం 60 గంటలకొకటి. పాత లోపాలు దిద్దుబాటయ్యాయి కాబట్టి, ఇప్పటి యంత్రం మొత్తం సగటు చెప్పేదానికంటే మెరుగైనదన్నమాట.

దశలవారీ నమోదు

ఈ లెక్క నిలవాలంటే లోపాల సంఖ్య ఒక్కటే చాలదు. ప్రతి లోపం ఎన్నో గంటలో వచ్చిందో, పరీక్ష ఎన్నో గంటలో ఆగిందో రెండూ కావాలి. చివరి లోపం తర్వాత ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన కాలం కూడా సాక్ష్యమే. దాన్ని రాయకపోతే యంత్రానికి అన్యాయం జరుగుతుంది.

దిద్దుబాటు రెండు రకాలు. కొన్ని లోపాలను పరీక్ష మధ్యలోనే సరిచేస్తారు. మరికొన్నింటిని దశ ముగిశాక ఒకేసారి సవరిస్తారు. రెండో పద్ధతిలో తర్వాతి దశ మొదలయ్యేసరికి విశ్వసనీయత ఒక్కసారిగా పెరుగుతుంది. అందువల్ల ఏ దశలో, ఏ నిర్మాణంతో నడిచిన యంత్రం విఫలమైందో ప్రతి నమోదులో ఉండాలి. రెండు వేర్వేరు నిర్మాణాల లోపాలను ఒకే ఖాతాలో కలిపితే, వచ్చే సగటు ఆ రెంటిలో దేని గురించీ నిజం చెప్పదు.

శ్రీహరికోటలో

రాకెట్ ప్రయోగాలు కొద్దిసార్లే జరుగుతాయి కనుక డ్యుయేన్ రేఖ గీయడానికి అవి చాలవు. ఇక్కడ ప్రతి వైఫల్యాన్నీ విడిగా విచారించి, కారణాన్ని రూఢి చేసుకుని, సవరణను భూమిమీద పరీక్షించాకే మళ్లీ ప్రయోగిస్తారు. రాకెట్ సముద్రంలో పడిపోయినా, ఎగురుతూ అది పంపిన టెలిమెట్రీ సమాచారం ఒడ్డున మిగులుతుంది. విచారణకు అదే ఆధారం.

1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఒక వాల్వు మూసుకోకపోవడంతో రెండో దశ నియంత్రణ వ్యవస్థలోని నైట్రిక్ ఆమ్లం ముందే కారిపోయిందని విశ్లేషణలో తేలింది. 1980 జూలై 18న అదే తరహా రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఏఎస్‌ఎల్‌వీ 1987, 1988లలో వరుసగా విఫలమైంది. మొదటిసారి పక్క రాకెట్లు మండి ఆరాక ప్రధాన దశ అంటుకోలేదు. రెండోసారి ఆ మార్పు జరిగే ఘట్టంలోనే రాకెట్ అదుపు తప్పింది. సవరణల తర్వాత 1992లో ఉపగ్రహం కక్ష్యకు చేరినా అనుకున్న ఎత్తు అందలేదు. పూర్తి విజయం 1994 మే 4న దక్కింది. 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్‌ఎల్‌వీ ఐఆర్‌ఎస్-1ఈ ఉపగ్రహాన్ని కోల్పోయింది. 1994 అక్టోబరు 15న రెండో పీఎస్‌ఎల్‌వీ గెలిచింది.

పేరులోనే దశ

ఇస్రో రాకెట్ల పేర్లలోని 'డి' అక్షరం అభివృద్ధి దశకు గుర్తు. జీఎస్‌ఎల్‌వీ చరిత్రలో ఈ అక్షరం విలువ స్పష్టంగా కనిపిస్తుంది. 2001, 2003 ప్రయోగాలు డి1, డి2. 2004 నుంచి అభివృద్ధి దశ దాటిన 'ఎఫ్' వరుస మొదలైంది. అయినా 2010 ఏప్రిల్ 15న ఎగిరిన రాకెట్‌కు డి3 అని పేరు పెట్టారు. రష్యా క్రయోజెనిక్ (అతిశీతల ఇంధన) దశ బదులు అందులో స్వదేశీ క్రయోజెనిక్ దశ ఉంది కనుక, దాన్ని మళ్లీ అభివృద్ధి ప్రయోగంగానే లెక్కించారు. ఇంధన బూస్టర్ టర్బో పంపు ఆగిపోయి అది విఫలమైంది. అదే ఏడాది డిసెంబరు 25న ఎఫ్06 కూడా కూలింది. అయితే అందులో ఉన్నది రష్యా దశ. కంప్యూటర్ ఆదేశాలను కింది దశలకు చేర్చే కనెక్టర్లు ముందే విడిపోవడం దాని కారణం.

ఒకే ఏడాది రెండు ఓటములు. వాటిని ఒకే లెక్కలో వేస్తే స్వదేశీ ఇంజిన్ మీద తనది కాని మచ్చ కూడా పడేది. వేటికవి విడిగా రాసుకోవడం వల్లే పంపుకు ఒక సవరణ, కనెక్టర్ల రక్షణకు వేరే సవరణ జరిగాయి. 2014 జనవరి 5న డి5 స్వదేశీ క్రయోజెనిక్ దశతో జీశాట్-14ను కక్ష్యకు చేర్చింది. 2022 ఆగస్టు 7న విఫలమైన ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డి1 విషయంలోనూ ఇదే క్రమం సాగింది. రెండో దశ విడిపోయేటప్పటి కంపనాలు త్వరణ కొలమానులను తప్పుదారి పట్టించాయని గుర్తించి, దశలను వేరుచేసే ఏర్పాటునే మార్చారు. 2023 ఫిబ్రవరి 10న డి2 విజయవంతమైంది.

ప్రాముఖ్యం

ప్రయోగ దినాల్లో నిర్దేశించిన సముద్ర భాగంలోకి వేటకు వెళ్లవద్దని మత్స్యకారులకు ముందే హెచ్చరికలు వెళ్తాయి. రాకెట్ ఎంత నమ్మదగినదన్న ప్రశ్న ఈ తీరవాసులకూ సంబంధించినదే. విశ్వసనీయత ఒకసారి సంపాదించి దాచుకునే ఆస్తి కాదు. దశాబ్దాల విజయాలున్న పీఎస్‌ఎల్‌వీ కూడా 2025 మే 18న సీ61 ప్రయోగంలో మూడో దశ లోపంతో విఫలమైంది. 1979లో మొదలైన ఆ వైఫల్య చిట్టాలో మరో పద్దు చేరింది. ఎన్ని విజయాలు వచ్చినా ఆ చిట్టాను మూసేయకుండా, జరిగినది జరిగినట్టు రాయడమే ఈ శాస్త్రం కోరే నిజాయితీ.