రంగూన్ కాగితం

నేను బడిలో చదివింది అరవం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి.

మన వ్యాసర్పాడిలో బర్మావాళ్ళ ఇళ్ళు ఎందుకున్నాయని మనవడు అడిగాడు. చెప్పాను.

కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి మనవాళ్ళు ఎంతోమంది రంగూన్‌కు కూలికి పోయారు. అరవవాళ్ళూ పోయారు. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది, పౌరసత్వ చట్టమూ వచ్చింది. అర్జీ పెట్టుకోనివాళ్ళు చాలామంది ఎన్నేళ్ళున్నా విదేశీయులే అయ్యారు. రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో ఉండాలి, గడువు దాటకుండా రుసుము కట్టాలి.

1962లో నే విన్ సైనిక పాలన మొదలైంది. 1964లో అంగళ్ళు ప్రభుత్వపరం చేశారు, 50, 100 క్యాట్ల నోట్లు రద్దు చేశారు. ఓడలు నిండా జనం మద్రాసులో, విశాఖలో దిగారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. ఇక్కడ ఇంటికీ, అప్పుకీ మళ్ళీ కాగితమే అడిగారు, బర్మా నుంచి వచ్చినట్టు.

రైల్వే గుమాస్తాగా సర్వీసు రిజిస్టరులో ఒక్క తేదీ తప్పితే పింఛను ఎలా ఆగుతుందో చూసినవాణ్ణి. అందుకే చెబుతున్నా. అమెరికాలో గ్రీన్‌కార్డుతో ఉన్న మీ పిల్లలు ఏడాదికి మించి ఇక్కడ ఉండాల్సి వస్తే, అక్కడ బయలుదేరకముందే రీఎంట్రీ పర్మిట్‌కు అర్జీ పెట్టమనండి. కార్డు గడువు తేదీ ఇంటి క్యాలెండర్లో రాసుకోండి. రంగూన్‌లో మనవాళ్ళు కష్టపడటంలో ఏ లోటూ చెయ్యలేదు. లేనిది కాగితమే.