తీర్పు వెనుకనున్న నివేదిక

ఇల్లు కట్టుకొనుటకు స్థానిక కౌన్సిలు అనుమతి నిరాకరించినచో పై యధికారమునకు అప్పీలు చేసికొనవచ్చునను మాట నేడు బ్రిటను దేశస్థులకు సహజముగ తోచును. కాని అప్పీలు చేసికొను హక్కు కలుగుట వేఱు, తన మొఱ విన్నవాడు ఏమని వ్రాసెనో యెఱుగు హక్కు కలుగుట వేఱు. ఈ రెండవదాని కొఱకు ఆ దేశ ప్రజలు దాదాపు అర్ధశతాబ్దము వేచియుండవలసి వచ్చెను.

1909 నాటి గృహ, పట్టణ ప్రణాళికా చట్టము ననుసరించి లండనులోని హాంప్‌స్టెడ్ కౌన్సిలువారు ఒక యింటిని నివాసయోగ్యము కాదని మూయించిరి. దాని హక్కుదారుడైన ఆర్లిడ్జ్ లోకల్ గవర్నమెంటు బోర్డునకు అప్పీలు చేసికొనగా, ఒక ఇన్‌స్పెక్టరు బహిరంగముగ విచారణ జరిపి నివేదిక పంపెను; దానిని జూచి బోర్డువారు కౌన్సిలు మాటనే ఖాయపఱచిరి. ఆ నివేదికను తనకు చూపలేదనియు, నిర్ణయించినవారి యెదుట తన వాదము చెప్పుకొను అవకాశ మీయలేదనియు అతడు న్యాయస్థానముల కెక్కెను. అప్పీలు కోర్టు అతని పక్షము వహించినను, ప్రభుత్వశాఖ తన కార్యపద్ధతిని న్యాయముగ ననుసరించిన చాలును, నివేదికను చూపనక్కఱలేదని 1914లో ప్రభువుల సభ తేల్చిచెప్పెను. ఒక్క యింటి తగవున పుట్టిన యీ తీర్పు నలువదియేండ్లకు పైగా ఎందఱో గృహస్థులను చీకటిలో నుంచినదని నా యభిప్రాయము.

ఏలయన, 1948 జూలై 1న అమలులోనికి వచ్చిన 1947 నాటి పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టముతో, తన నేలపై తనంతట కట్టడము సాగించు స్వేచ్ఛ భూస్వామికి తొలగి, కొన్ని మినహాయింపులు తప్ప, క్రొత్త నిర్మాణమునకెల్ల కౌన్సిలు అనుమతి యావశ్యకమాయెను. కాదన్నచో మంత్రికి అప్పీలు. ఇన్‌స్పెక్టరు ఊరికి వచ్చి, ఉభయపక్షముల న్యాయవాదులను, ఇరుగుపొరుగువారిని విని, స్థలమును కన్నులార చూచి, లండనునకు వ్రాసి పంపెడివాడు. కొంతకాలమునకు మంత్రి కార్యాలయమునుండి ఉత్తరము వచ్చెడిది. ఇన్‌స్పెక్టరు ఇమ్మన్నదానిని మంత్రి కాదనెనో, ఇన్‌స్పెక్టరే కాదనెనో, అర్జీదారునకు తెలియు మార్గము లేకుండెను. ధనము వెచ్చించి, పనులు మానుకొని, సాక్ష్యమిచ్చి వచ్చినవానికి ఇంతకంటె దుస్సహమైనది మఱేమున్నది?

నివేదికలు బయటపడినచో ఇన్‌స్పెక్టర్లు నిర్మొగమాటముగ వ్రాయజాలరను వాదము, ఇట్టి విచారణల పద్ధతిని పరిశీలించుటకు 1955లో నియమితమైన సర్ ఆలివర్ ఫ్రాంక్స్ సంఘము నెదుటకు వచ్చెను. నాకది ఎన్నడును రుచింపలేదు, సంఘమునకును రుచింపలేదు. 1957లో వెలువడిన దాని సిఫారసు ననుసరించి, మరుసటి యేటినుండి నివేదికలు నిర్ణయముతోబాటు అందనారంభించినవి.

ఫలితము త్వరలోనే కనబడెను. ఎసెక్సులో సుద్దగని త్రవ్వకమునకు అనుమతి నిరాకరింపబడగా, గనివారి అప్పీలును త్రోసివేయుమని ఇన్‌స్పెక్టరు వ్రాసినను, మంత్రి విచారణానంతరము వ్యవసాయ శాఖ నిపుణులను చాటుగ సంప్రదించి అనుమతి నిచ్చెను. నివేదికవలన ఆ విభేదము నెఱిగిన పొరుగు భూస్వాములు కోర్టు కెక్కి, అట్లు సవాలు చేయుటకు చట్టరీత్యా తమకు హక్కు లేదన్న కారణమున 1960లో ఓడిరి. అయినను ఆ యలజడి వృథా కాలేదు: విచారణ ముగిసిన పిదప క్రొత్త సాక్ష్యమును స్వీకరించి ఇన్‌స్పెక్టరుతో విభేదింపదలచిన మంత్రి, ముందుగా ఉభయపక్షములకును ఆ సంగతి తెలిపి, వారు కోరినచో విచారణను మరల తెఱవవలెనని 1962 నాటి నిబంధనలు విధించినవి.